మర్ఫీ రేడియో, మెల్‌బోర్న్ టెస్టు, సూర్యుడి మచ్చలు

మా ఇంట్లో రేడియో సరిగ్గా పలక్కపోతే ముందు దాని నెత్తిన ఒక దెబ్బ పడేది. అది నాన్న వైద్యం. లోపల ఏ వాల్వు కాలో వదులుగా ఉండేదేమో, ఒక్కోసారి ఆ దెబ్బకి నిజంగానే పలికేది. అందుకే ఆయనకి ఆ వైద్యం మీద గురి చివరిదాకా పోలేదు. దెబ్బకీ లొంగకపోతే పాటలు వేసే కొలంబో రేడియో వాళ్లని తిట్టేవాడు, ఆ తర్వాత మబ్బుని, మబ్బు లేకపోతే ఏరియల్ తీగ మీద వాలిన కాకిని. సూర్యుణ్ణి మాత్రం ఏనాడూ ఒక్క మాట అనలేదు. రోజూ పొద్దున్నే దణ్ణం పెట్టుకునే దేవుడాయె. తిట్టాల్సింది ఆయన్నేనని మాకు తెలిసేసరికి 1980 వచ్చింది.

మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. వాల్వుల మర్ఫీ సెట్టు. స్విచ్ వేశాక కాసేపు ఏమీ వినబడదు, వాల్వులు వేడెక్కాలి. ముందు అద్దం వెనకాల పచ్చటి వెలుగు మెల్లగా లేచేది. దాన్ని మ్యాజిక్ ఐ అనేవాళ్లు. స్టేషన్ సరిగ్గా దొరికితే ఆ పచ్చ రెక్కలు రెండూ దగ్గరికి జరిగేవి, సిగ్నల్ పడిపోతుంటే విడిపోయేవి. నాకు అక్షరాలు రాకముందే ఆ కన్ను చూసి రేడియో సంగతి చెప్పడం వచ్చేసింది. డయల్ మీద 49, 41, 31, 25, 19, 16, 13 అని మీటర్ల అంకెలు, అంటే తరంగం పొడవు. అంకె చిన్నదయ్యే కొద్దీ ఫ్రీక్వెన్సీ పెద్దది. మొదట్లో వసారాలో వేలాడగట్టిన రాగి జాలీ ఏరియల్ ఉండేది. తర్వాత బాబాయి డాబా మీంచి కొబ్బరిచెట్టుకి తీగ లాగాడు. ఏటా పోస్టాఫీసుకి వెళ్లి లైసెన్సు కట్టి రావాలి. రేడియో వినడానికి లైసెన్సేమిటని మా పిల్లలు ఇప్పుడు నవ్వుతారు.

పొద్దున పూట ఇల్లంతా కొలంబోదే. పాత హిందీ పాటల కార్యక్రమం, ఎనిమిది కొట్టబోతుండగా కె.ఎల్. సైగల్ పాట. అది వినబడిందంటే నేను బడికి బయల్దేరాలని లెక్క. అమ్మకి తెలుగు పాటలు వేసే మీనాక్షి పొన్నుదురై గారంటే ప్రాణం. ఆవిడ తెలుగులో ఒక వింత యాస ఉండేది, అమ్మ వంటింట్లోంచే అనుకరించేది. ఢిల్లీ నుంచి ఏడిద గోపాలరావు గారు వార్తలు చదువుతుంటే మాత్రం ఇంట్లో ఎవరూ నోరెత్తకూడదు, అది నాన్న సమయం. మీడియం వేవ్‌లో విజయవాడ ఎలాగూ ఉంది. అది పక్కింటి మనిషి కింద లెక్క, ఎప్పుడు పిలిచినా పలుకుతుంది. కొలంబో లాంటి దూరపు స్టేషన్లు వచ్చే షార్ట్‌వేవ్ అలా కాదు. నిన్న గణగణలాడిన స్టేషన్ ఇవాళ గొణుగుతుంది, రేపు ఆ ఊసే ఉండదు. ఎందుకో ఎవరికీ తెలీదు.

బాబాయి అప్పుడు వాల్తేరులో, ఆంధ్రా యూనివర్సిటీలో ఫిజిక్సు ఎమ్మెస్సీ చదువుతున్నాడు. ప్రొఫెసర్ బి. రామచంద్రరావు గారి కాలం నుంచీ అక్కడ అయనోస్ఫియర్ మీద, అంటే చాలా ఎత్తున రేడియో తరంగాల్ని వంచే గాలి పొరల మీద, పరిశోధనకి పెద్ద పేరు. పైకి రేడియో తరంగాలు వదిలి, అవి తిరిగొచ్చే వేళని బట్టి ఏ పొర ఎంత ఎత్తులో ఉందో లెక్కగట్టే యంత్రం వాళ్ల దగ్గర ఉండేది. బాబాయి సెలవలకి వస్తే నాన్నకీ ఆయనకీ రేడియో దగ్గర వాదన తప్పేది కాదు.

1980 ఫిబ్రవరి 16. సంపూర్ణ సూర్యగ్రహణం. సంపూర్ణమంటే మా ఊళ్లో కాదు, రాయచూరు, నల్గొండ, ఖమ్మం మీదుగా పోయింది. ఉస్మానియా వాళ్ల జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీకి విదేశాల నుంచి కూడా శాస్త్రవేత్తలు దిగారని పేపర్లో వేశారు. మా దగ్గర సూర్యుడు సన్నటి తునకగా మిగులుతాడు, అంతే. ఊరు ఊరంతా తలుపులు వేసుకుంది. ఊరగాయ జాడీల మీద, నీళ్ల బిందెల మీద నాయనమ్మ దర్భలు వేసింది. పెరటి వసారాలో ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి, పసుపు రాసిన రోకలి నిటారుగా నిలబెట్టింది. అది నిలబడింది. గ్రహణం విడిచేదాకా పడదని ఆవిడ చెప్పింది, మేం నోళ్లు వెళ్లబెట్టి చూస్తూ కూర్చున్నాం.

ముందు గదిలో బాబాయి రేడియో పెట్టుకున్నాడు. ముల్లు 41 మీటర్ల దగ్గర, పెద్దగా ఏమీ వినబడని చోట ఆపి, ఇక దాన్ని ముట్టుకోవద్దన్నాడు. మధ్యాహ్నం పూట ఆ బ్యాండ్ ఎప్పుడూ ఖాళీయే. సాయంత్రం ఆరు దాటితే గాని అందులో దూరపు గొంతులు లేవవు. మూడు దాటాక ఎండ రంగు మారింది. వాకిట్లో వేపచెట్టు నీడలో వెలుగు చుక్కలన్నీ నెలవంకలయ్యాయి. నేను కన్ను చూస్తున్నాను, రేడియో కన్ను. పచ్చ రెక్కలు కొంచెం కొంచెంగా దగ్గరికి వస్తున్నాయి. ఏ భాషో తెలియని ఒక ఆడగొంతు నూతిలోంచి తేలినట్టు పైకొచ్చింది. మూడు ముప్పావుకి, బయట చల్లగాలి తిరిగి కాకులు గోల పెడుతున్న వేళకి, మాటలు విడివిడిగా వినబడ్డాయి. బర్మా వైపుది అయ్యుండాలన్నాడు బాబాయి. ఎండ మళ్లీ వచ్చే కొద్దీ రెక్కలు విడిపోతూ వచ్చాయి. అయిదింటికల్లా ఆ గొంతు మళ్లీ గరగరలో కలిసిపోయింది. ఎవరూ ముల్లు తిప్పలేదు, ఎవరూ దెబ్బ వెయ్యలేదు.

ఆ రాత్రి పట్టు స్నానాలయ్యాక బాబాయి నాన్నకి విడమరిచి చెప్పాడు. "అన్నయ్యా, చాలా ఎత్తున, రెండు వందల నుంచి నాలుగు వందల కిలోమీటర్ల దాకా ఒక పొర ఉంది. ఎండ తగిలి అక్కడి గాలిలోంచి ఎలక్ట్రాన్లు ఊడొస్తాయి. కొలంబో నుంచి ఏటవాలుగా పైకెళ్లిన తరంగాన్ని అదే వంచి మన మీదికి దింపుతుంది. దాని కింద, అరవై నుంచి తొంభై కిలోమీటర్ల ఎత్తులో డి పొర అని ఇంకోటుంది. అది పగలే ఉంటుంది. అది వంచదు, మింగేస్తుంది. ముఖ్యంగా కింది ఫ్రీక్వెన్సీల్ని. పొద్దుగూకగానే ఆ పొర కరిగిపోతుంది, అందుకే రాత్రిళ్లు దూరపు స్టేషన్లన్నీ లేస్తాయి. ఇవాళ చంద్రుడు అడ్డొచ్చి మధ్యాహ్నమే పొద్దు గూకించాడు, అంతే."

నాయనమ్మ మంచం మీంచి అంతా విని, "అయితే రాహువు సూర్యుణ్ణి మింగితే, సూర్యుడు మీ రేడియోని మింగుతాడన్నమాట" అంది. నేను తర్వాత ఇంజనీరింగులో చదువుకున్న పాఠం కంటే ఆ ముక్కే బాగా గుర్తుంది.

మా అదృష్టం ఏమిటంటే సూర్యుడు అప్పుడు మంచి ఊపులో ఉన్నాడు. సూర్యుడి మీద మచ్చలు పదకొండేళ్లకోసారి పెరుగుతాయి, తగ్గుతాయి. 1979 చివర్లో ఒక శిఖరం. మచ్చలెక్కువైతే పై పొర గట్టిపడుతుంది, మామూలుగా ఆకాశంలోకి దూసుకుపోయే పై ఫ్రీక్వెన్సీలు కూడా వంగి కిందికొస్తాయి. డయల్‌లో ఆ కొసన ఉండే 16, 13 మీటర్ల బ్యాండ్లు పగలంతా మోగిపోతాయి. అక్కడ డి పొర మింగుడు తక్కువ, ఉరుముల గరగరా తక్కువ. పెద్ద ట్రాన్స్‌మిటర్ అక్కర్లేకుండానే ప్రపంచం అవతల నుంచి గొంతు గాజులా వినబడుతుంది.

1981 ఫిబ్రవరి 11 తెల్లారుజామున మేం అలాగే విన్నాం. మెల్‌బోర్న్ టెస్టు అయిదో రోజు. అంతకుముందు గవాస్కర్ లిల్లీ బౌలింగ్‌లో ఎల్బీ ఇచ్చినందుకు కోపమొచ్చి చేతన్ చౌహాన్‌ని కూడా వెంటబెట్టుకుని బయటికి నడిచిన టెస్టు అది. ఆస్ట్రేలియాకి కావలసింది 143. రాత్రికి మూడు వికెట్లకి 24. మన వాళ్లలో కపిల్ తొడ పట్టేసి ఉన్నాడు, హైదరాబాదీ శివలాల్ యాదవ్ కాలి వేలు విరిగింది, దోషీ పాదం కూడా అంతే. మనం గెలుస్తామని ఊళ్లో ఎవరూ అనుకోలేదు. నాన్న ఒక్కడే అయిదింటికి లేచి మర్ఫీ పెట్టాడు. ఆస్ట్రేలియా రేడియో మొదలయ్యే ముందు కూకబర్రా పిట్ట నవ్వు వినబడేది. ఆ నవ్వుకి నాకు మెలకువ వచ్చింది. 16 మీటర్లు. వ్యాఖ్యాత గొంతు, దాని వెనక జనం హోరు, బంతి బ్యాటుకి తగిలిన చప్పుడు కూడా. నాకు ఇంగ్లీషు అర్థమయ్యేది కాదు, "కపిల్‌దేవ్" అన్న మాట, ఆ వెంటనే హోరు, ఆ రెండూ చాలు. నాన్న వేళ్లు మడిచి వికెట్లు లెక్కపెట్టాడు. 83కి అందరూ అవుట్. కపిల్ 28 పరుగులిచ్చి 5 వికెట్లు. గేదె పాలు పిండడానికి వెళ్లాల్సిన మనిషి ఆ పూట వెళ్లలేదు, నాయనమ్మ పిండింది.

ఆ గెలుపులో కపిల్‌కెంత వాటా ఉందో చెప్పనక్కర్లేదు. కానీ మా ఊళ్లో ఆ హోరు వినబడటంలో సూర్యుడి మచ్చల వాటా కూడా కొంత ఉందని, అది లేనప్పుడు తెలిసింది.

1985 చివర్లో మన జట్టు మళ్లీ ఆస్ట్రేలియా వెళ్లింది. అదే మర్ఫీ, అదే తీగ, అదే స్టేషన్. 16 మీటర్లలో ముల్లు తిప్పితే చాలా రోజులు ఒట్టి గాలి. 13 మీటర్ల సంగతి సరేసరి. 19, 25 దాకా దిగి వెతికితే ఒక్కోసారి దొరికేది, అదీ ఉబ్బుతూ తగ్గుతూ. సిడ్నీలో గవాస్కర్, శ్రీకాంత్, మొహిందర్ ముగ్గురూ సెంచరీలు కొట్టి 4 వికెట్లకి 600 చేసిన ఆట మాకు ముక్కలు ముక్కలుగా అందింది. మర్ఫీ ముసలిదైపోయిందని నాన్న తీర్మానించేశాడు. అమ్మేద్దామని కూడా అన్నాడు. బాబాయి ఇన్‌లాండ్ కవర్లో జవాబు రాశాడు, రేడియోకి ఏమీ కాలేదు అన్నయ్యా, సూర్యుడి ముఖం మీద మచ్చలు లేవు, ఇంకో రెండు మూడేళ్లు ఓపిక పట్టు అని. నాన్న నమ్మలేదు. కానీ అమ్మనూ లేదు.

కొలంబో కూడా ఆ రోజుల్లో ఒక చిత్రం చేసేది. చలికాలం పొద్దున్నే ఆరున్నరకి 25 మీటర్లలో పెడితే వినబడేది కాదు, 41లో మాత్రం ఉండేది. ఎండ కాస్త ముదిరాక 25లో ఉన్నట్టుండి తలుపు తీసినట్టు వచ్చేసేది. మా ఊరికి కొలంబో వెయ్యి కిలోమీటర్లు. మచ్చలు లేని ఏడు, పై పొర పొద్దున్నే బలహీనంగా ఉన్నప్పుడు, 25 మీటర్ల తరంగం అంత దగ్గరలో వంగలేదు. మన నెత్తి మీంచి దాటిపోయి ఎక్కడో ఉత్తరాన దిగుతుంది. అంటే మేము వినలేని మా పాటల్ని ఆ వేళ ఏ బీహారు వాళ్లో వింటుండేవాళ్లు. దూరం ఎక్కువైతే వినబడదనుకునే వాళ్లకి, దగ్గరై కూడా వినబడకపోవడం చెప్పి ఒప్పించడం కష్టం. నాన్నకి ఇది చివరిదాకా ఎక్కలేదు.

ఇక ఋతువుల గొడవ వేరే. వేసవిలో సాయంత్రం గాలివాన లేచిందంటే 60, 90 మీటర్లలో టపటపలు తప్ప ఏమీ ఉండదు. డిసెంబరులో అవే బ్యాండ్లు నిశ్శబ్దంగా, లోతుగా ఉండేవి. మన హైదరాబాదు కేంద్రం 4800 కిలోహెర్ట్జ్‌ని చలికాలంలో ఐరోపా వాళ్లు పట్టుకుని రిపోర్టులు రాసేవాళ్లు. దారంతా చీకటైతే అంత దూరమూ పోతుంది. కరెంటు పోవడం కూడా మాకు ఒక వరమే. ట్యూబులైట్ల చోకుల రొద, మోటార్ల రొద ఒక్కసారిగా ఆగి, బ్యాటరీ ట్రాన్సిస్టర్‌లో అప్పటిదాకా లేని స్టేషన్లు బయటపడేవి. వీటన్నిటి మీదా రష్యా వాళ్ల రాడార్ ఒకటి, సెకనుకి పదిసార్లు టకటకమని. ప్రపంచమంతా దానికి వడ్రంగిపిట్ట అని పేరు పెట్టింది. 1976లో మొదలై 1989 చివరిదాకా కొట్టింది. నాన్న దాన్ని పొలంలో ఇంజను చప్పుడు అనుకుని ఎదురింటాయనతో ఒకసారి తగువు పెట్టుకున్నాడు.

1989కి సూర్యుడు మళ్లీ లేచాడు. బాబాయి లెక్క తప్పలేదు. అప్పటికి మా ఇంట్లో దుబాయి నుంచి వచ్చిన టూ-ఇన్-వన్ ఉంది, రేడియో, క్యాసెట్ రెండూ ఒకే సెట్టులో. ఒక రోజు పదకొండు గంటల వేళ పాట నడుస్తుండగా గొంతు సన్నబడి పోయింది. నాన్న ముల్లు తిప్పాడు. 31లో ఎవరూ లేరు, 25లో లేరు, 19లో లేరు. స్టేషన్లు పోవడమే కాదు, వెనకాల ఉండే గరగర కూడా పోయింది. రేడియో చెవుడొచ్చినట్టు కూర్చుంది. దెబ్బ వేశాడు. లాభం లేదు. సెట్టుని తువ్వాల్లో చుట్టి, సైకిలు క్యారియర్‌కి కట్టుకుని బజారుకి బయల్దేరాడు. మీడియం వేవ్‌లో విజయవాడ చక్కగా పాడుతోందని నేను వెనకాల అరుస్తూనే ఉన్నాను. షార్ట్‌వేవ్ పోతే మీడియం వేవ్ ఎవడిక్కావాలి అన్నాడు.

రిపేరు షాపాయన వెనక మూత విప్పాడు. కండెన్సరు కొట్టేసిందన్నాడు. ఏదో తీసి ఏదో పెట్టి టంకం వేశాడు, సోల్డరు పొగ ఊదాడు. మూత బిగించి స్విచ్ వేసేసరికి ప్రపంచమంతా తిరిగొచ్చింది. డబ్బులిచ్చి నాన్న మహా సంతోషంగా ఇంటికొచ్చాడు, ఆ చేతిలో లక్ష్మి ఉందిరా అన్నాడు. వేసవి సెలవలకి వచ్చిన బాబాయికి నేను ఇదంతా చెబితే పొట్ట పట్టుకుని నవ్వాడు. సూర్యుడి మీద ఒక పేలుడు జరిగితే ఎక్స్‌రేలు ఎనిమిది నిమిషాల్లో ఇక్కడికి వచ్చేస్తాయి. పగలున్న వైపంతా డి పొర ఒక్కసారిగా చిక్కబడి షార్ట్‌వేవ్ మొత్తాన్ని మింగేస్తుంది. ఓ అరగంటకో గంటకో పై బ్యాండ్ల నుంచి మొదలై ఒక్కొక్కటే తేరుకుంటాయి. విజయవాడ సిగ్నల్ పగలు నేల వెంబడే వస్తుంది కాబట్టి దానికేమీ కాదు. ఆ షాపాయన చేసిందల్లా ఆ అరగంట గడపడమే. ఈ సంగతి నాన్నకి చెప్పొద్దన్నాడు బాబాయి. చెప్పలేదు. ఆ తర్వాత ఊళ్లో ఎవరి రేడియో పాడైనా నాన్న ఆ షాపుకే పంపేవాడు.

ఆ మార్చిలోనే కెనడాలో క్యూబెక్ రాష్ట్రం మొత్తం చీకటైపోయింది, 60 లక్షల మందికి తొమ్మిది గంటలు కరెంటు లేదు. అదీ సూర్యుడి పనే. మాకు తెలిసిందల్లా ధ్రువం మీదుగా రావలసిన అమెరికా, కెనడా గొంతులు రోజుల తరబడి నోరెత్తకపోవడం.

1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌లో దిగినప్పుడు ఆ ఊపున్న సూర్యుడే మాకు అక్కరకొచ్చాడు. ఎదురింటి వాళ్ల అల్లుడు కువైట్‌లో ఉన్నాడు. ఫోన్లు లేవు, ఉత్తరాలు లేవు. సాయంత్రమయ్యేసరికి ఆ ఇంటిల్లిపాదీ మా అరుగు మీదికి చేరేవాళ్లు, బీబీసీ హిందీ వార్తల కోసం. ఆగస్టులో బాగానే వినబడింది. సెప్టెంబరు దాటాక, పొద్దుగూకిన రెండు గంటలకి, చదివే మనిషి గొంతు వణకడం మొదలుపెట్టేది, తిరుగుతున్న టేబుల్ ఫ్యాన్ ముందు కూర్చుని మాట్లాడినట్టు. సిగ్నల్‌కి లోటు లేదు, మాటే చిల్లులు పడేది. మన అక్షాంశాల్లో, మచ్చలెక్కువున్న ఏళ్లలో, పగలూ రాత్రీ సమానమయ్యే నెలల్లో, పై పొరలో రాత్రి మొదలవగానే ఎలక్ట్రాన్లు పలచబడిన బుడగలు లేస్తాయి, వాటి వల్లే ఆ వణుకు. వాల్తేరు వాళ్లు, కేరళలో తుంబా రాకెట్ కేంద్రం వాళ్లు ఏళ్ల తరబడి వీటినే చదువుతూ వచ్చారు. ఎదురింటి ముసలమ్మకి ఇవన్నీ ఏం చెప్తాం? "ఏవన్నాడు బాబూ, ఏవన్నాడు?" అని నన్ను అడిగేది. అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాలు మనవాళ్లని మోసుకొస్తున్నాయన్న మాట మాత్రం నాకు దొరికింది. అదే చెప్పాను. అల్లుడు చివరికి ఆ దారినే వచ్చాడు, చేతిలో ఒక ప్లాస్టిక్ సంచీతో.

ఇప్పుడు హైదరాబాదులో తొమ్మిదో అంతస్తు. ఆస్ట్రేలియా రేడియో 2017 జనవరి 31న షార్ట్‌వేవ్ ఆపేసింది. బీబీసీ హిందీ 2020 జనవరి 31న ఆపేసింది. ఆ తేదీకి మా మీద ఏం పగో. 2024 మే నెలలో సూర్యుడు మళ్లీ విరుచుకుపడి, లద్దాఖ్‌లో హాన్లే ఆకాశం ఎర్రబడిందని ఫోటోలొస్తే, అటక మీంచి చిన్న సెట్టు దింపి బాల్కనీలో పెట్టాను. ఆ తుఫాను సద్దుమణిగాక మధ్యాహ్నాలు 13 మీటర్ల దాకా బ్యాండ్ తెరుచుకునే ఉంది. మర్ఫీ రోజుల్లో అయితే పండగే. ఇప్పుడు దొరికింది ఒక అరబ్బీ స్టేషను, కింద 16లో చైనా వాళ్ల వరస. 1986లో అంతమంది మాట్లాడుతుంటే సూర్యుడు మోయలేకపోయాడు. ఇప్పుడు మోస్తానంటే మాట్లాడే వాళ్లు లేరు.

వైజాగ్‌లో రిటైరై ఉన్న బాబాయికి ఫోన్ చేశాను, రెండు స్టేషన్ల మధ్య ఒకటే గుయ్యిమంటోందని.

"అది సూర్యుడు కాదురా, మీ అపార్టుమెంటు. ముందు ఎల్‌ఈడీ బల్బులన్నీ ఆర్పు. ఫోను ఛార్జర్లు పీకు. ఇన్వర్టరూ కట్టేయ్. వైఫై రౌటరు కూడా."

"రౌటరు కట్టేస్తే ఇంట్లో నన్ను కట్టేస్తారు బాబాయ్."

"మా ఇంట్లో కట్టేశానుగా నేను," అంటున్నాడు గర్వంగా. వెనకాల నుంచి పిన్ని, మనవడి ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో ఆగిపోయిందని అరుస్తూ ఫోను లాక్కుంది.